వెనక్కి నడిచే ఆవిరి బుడగ గారికి

మహారాజశ్రీ ఆవిరి బుడగ గారి సముఖమునకు, విజయనగరం నుంచి ఒక పరిశోధక విద్యార్థి నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి. అంటే తమరు కుశలం, నేను కాదు.

నిన్న మధ్యాహ్నం మూడూ ఇరవైకి తమరు చేసిన నిర్వాకం గురించే ఈ ఉత్తరం. పొద్దున్న తొమ్మిదింటికి నీళ్లు పెట్టి, అందులో కరిగిన గాలంతా పోయేదాకా గంటసేపు మరగబెట్టాను. వేడెక్కే దిమ్మెని సన్నటి కాలవల్లో పారే నీళ్లతో చల్లార్చడం నా పని. అందుకని రాగి దిమ్మెలో హీటర్లు దూర్చాను. దాని మీద పదకొండు కాలవలు, ఒక్కోటి 200 మైక్రాన్ల వెడల్పు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. పైన సన్నటి రంధ్రాలున్న టెఫ్లాన్ పొర. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. వాళ్లనేం అనను, ముందు రోజే చెప్పి తీశారు. తమరు చెప్పలేదు.

తమరు రాకపోతే పని జరగదని ఒప్పుకుంటాను. ముప్పై డిగ్రీల నీళ్లు నూరు దాకా వేడెక్కితే గ్రాముకి మోసేది 70 కెలోరీలు. అదే గ్రాము తమరి అవతారమెత్తితే ఇంకో 540. టెన్త్‌లో గుప్తోష్ణం బట్టీ పట్టినప్పుడే తమరి మీద గురి కుదిరింది. 1981లో స్టాన్‌ఫర్డ్‌లో టకర్‌మన్, పీస్ అనే ఇద్దరు 50 మైక్రాన్ల కాలవల్లో నీళ్లు పారించి సిలికాన్ ముక్క మీంచి చదరపు సెంటీమీటరుకి 790 వాట్ల వేడి లాగేశారు. నీళ్లు మరగనివ్వకుండానే! తెలివైనవాళ్లు. మా గైడు గారేమో "మరిగించవయ్యా, మజా అందులోనే ఉంది" అన్నారు. మజా ఆయనది, మంట నాది.

సరే, రమ్మన్నాం, వచ్చారు. వేడి ఎత్తుకున్నారు. ఇక వెళ్లాలి కదా? దారి కూడా వేశాను. ఆవిరి కుడుములకి మా అమ్మమ్మ కుండ మూతికి బట్ట వాసెన కడుతుంది, ఆవిరి పైకి, నీళ్లు కిందే. నా పొరా అంతే. టెఫ్లాన్‌కి నీళ్లంటే పడదు, తలతన్యత నీళ్లని ఆ సన్నటి రంధ్రాల గుమ్మంలోనే ఆపేస్తుంది, తమరికి మాత్రం తలుపులు బార్లా. తేడా ఒక్కటే. అమ్మమ్మ బట్టని తడిపి కడుతుంది. నా పొర తడిస్తే దాని పని సరి.

పక్క గాజులోంచి ఫోన్‌లో స్లో మోషన్ తీశాను, రాత్రి ఇరవైసార్లు చూశాను. అంచు కాలవలో ఒక చుక్కలా పుట్టారు. రెప్పపాటులో గోడ నుంచి గోడకి నిండారు. నీళ్లు ఆవిరైతే పదహారు వందల రెట్లు ఉబ్బుతాయి, పక్కకి చోటు లేదు, పొడుగ్గా సాగాల్సిందే, అర్థం చేసుకోగలను. మరి వెనక్కెందుకు? వస్తున్న నీళ్లకి ఎదురెందుకు? కాంప్లెక్సులో పలాస బస్సు ఫుట్‌బోర్డు మీద ఒకడుంటాడు, లోపలికి పోడు, దిగడు, ఎక్కేవాళ్లనే బయటికి తోస్తాడు. అచ్చం వాడే నువ్వు. నీళ్లు మిగతా పది కాలవల్లోకి తప్పుకున్నాయి, నీ కాలవ ఎండింది, వేడి కొలిచే థర్మోకపుల్ 108 డిగ్రీల నుంచి 150కి ఎగబాకింది.

అదీ క్షమిస్తాను. నువ్వు వెనక్కి తన్నిన తన్నుకి ఒత్తిడి ఎగిసి, నీళ్లు పొర రంధ్రాల్లోకే దూరిపోయాయి. తెల్లటి పొర నూనె అంటిన కాయితంలా మచ్చలు మచ్చలుగా మారింది. నీ కోసం తీసిన తలుపు నువ్వే బిడాయించుకున్నావు! ఎల్లరా బాబూ అంటే ఎల్లవేటి? ఎదురొస్తావేటి? నెత్తి మీదే తలుపు పెడితే అగుపడలేదేటి నీకు?

కాలవ మొదట్లో ఇరుకు రంధ్రం పెట్టి నీ వెనకడుగు కట్టేయొచ్చు. కానీ దానికి పంపు ఇంకా గట్టిగా తొయ్యాలి, మా పంపు ఇప్పటికే మూలుగుతోంది.

రాత్రి అమ్మమ్మకి ఫోన్లో చెప్పుకున్నాను. "ఆవిరి పోడానికి పీహెచ్‌డీ ఏట్రా, మూత కూసింత జరిపితే పోద్ది" అంది. ఏమీ అనలేక పెట్టేశాను.

పొర ముక్క ఇంకొక్కటే మిగిలింది. బిగించాను. నీళ్లు మరుగుతున్నాయి. ఏ కాలవలో పుడతావో నీ ఇష్టం. పుట్టగానే ఒక్కసారి పైకి చూడు.

ఇట్లు,
చేతులకి మాడిన గాస్కెట్ వాసన ఇంకా పోని
నీవాడు