ఆరొందల అడుగుల దేశభక్తి

మా నెల్లూరులో దేశభక్తిని ఇప్పుడు అడుగుల్లో కొలుస్తున్నారు. తూకంలో అయితే మోసాలుంటాయని కాబోలు. ఒక ఏడాది ఒకాయన మూడొందల అడుగుల జెండాతో ర్యాలీ తీస్తే, ఆయనంటే పడని ఇంకొకాయన మరుసటేడు నాలుగొందలతో తీశాడు. ఈసారి ఆరొందలకు చేరాం. ఇదే ఊపున పోతే ఇంకొన్నాళ్ళకు జెండా మొదలు నెల్లూరులో, తోక కావలిలో ఉంటుంది. మధ్యలో ఊళ్ళవాళ్ళు ఆగస్టు 15న గడప దాటలేరు. గడప దాటకపోవడం దేశద్రోహం కిందికి వస్తుందా రాదా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు.

పొడుగు మీద నాకు పేచీ లేదు. నా దిగులంతా వెడల్పు గురించే. జాతీయ జెండా పొడవు వెడల్పుల నిష్పత్తి 3:2 ఉండాలని 2002 నాటి పతాక నియమావళి చెబుతోంది. అంటే ఆరొందల అడుగుల పొడవుకి నాలుగొందల అడుగుల వెడల్పుండాలి. అంత జెండా ట్రంకు రోడ్డులో పట్టాలంటే రెండు పక్కలా ఉన్న బట్టల షాపులు, బంగారం కొట్లు, వాటి వెనక వీధులు కూడా కొట్టేయాలి. ఆక్రమణలు తొలగించడానికి ఇంత పవిత్రమైన కారణం కార్పొరేషన్‌ వాళ్ళకి మళ్ళీ దొరకదు. పాపం, మనవాళ్ళు అంత దూరం ఆలోచించకుండా పది అడుగుల వెడల్పుతో సర్దుకున్నారు. అదే నియమావళిలో ఇచ్చిన తొమ్మిది సైజుల్లో అన్నిటికన్నా పెద్ద జెండా 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 వెడల్పు. ఇరవయ్యొక్క అడుగులు కూడా నిండవు. దేశానికి సరిపోయింది, మా నాయకుడికి సరిపోలేదు.

ఇక చక్రం. 24 ఆకుల అశోక చక్రం ఒకటే ఉండాలి. మా జెండా మీద పది గజాలకొకటి చొప్పున ఇరవై అచ్చేశారు. ధర్మం కూడా ఆ లెక్కనే పెరిగి ఉంటుందని ఆశ పడటం తప్ప మనం చేసేదేముంది?

వీఆర్సీ సెంటర్ నుంచి గాంధీబొమ్మ దాకా ఊరేగింపు. జెండాకు అటొక వరస ఇటొక వరస పిలకాయలు. రెండు మూడు బళ్ళ నుంచి బస్సుల్లో తోలుకొచ్చారు. కాషాయం వైపు వాళ్ళకు కాషాయమే కనిపిస్తుంది, ఆకుపచ్చ వైపు వాళ్ళకు ఆకుపచ్చే. మొత్తం జెండాని చూసే భాగ్యం డ్రోన్ ఒక్కదానికే దక్కింది. నాయకుడు ముందు కొస దగ్గర ఓపెన్ జీపులో నిలబడి రెండు వేళ్ళతో అంచు పట్టుకున్నాడు. డ్రోన్ తలమీదికి వచ్చినప్పుడు అయిదు వేళ్ళతో పట్టుకున్నాడు.

మలుపు దగ్గర అసలు కథ మొదలైంది. అంత పొడుగు గుడ్డ మలుపు తిరగాలంటే లోపలివైపు వాళ్ళు నిదానించాలి, బయటివైపు వాళ్ళు పరిగెత్తాలి. కవాతు చేసేవాళ్ళకు తెలుసు, ఆరో తరగతి పిలకాయలకు ఎవరు చెప్పారు? లోపలివాళ్ళు మామూలుగా నడిచారు, బయటివాళ్ళు వెనకబడ్డారు, మధ్యలో తెలుపు తడిబట్ట పిండినట్టు మెలితిరిగింది. ముందునుంచి ఎవరో "ఆగండి" అని అరిచారు. ఆ మాట నోరు మారి నోరు మారి తోక దాకా చేరేసరికి "లాగండి" అయింది. వాళ్ళు లాగారు. పీఈటీ సారు విజిల్ ఊదుకుంటా ఇటు చివర నుంచి అటు చివరకు పరిగెత్తుతున్నాడు. "వదలబాకండ్రా, కింద పడిద్ది, కింద పడితే కేసు!"

ఈ సందట్లో చేపల గంపలేసుకొచ్చిన ఆటో ఒకటి పక్క సందులోంచి దూరింది. వెనక బైకులు, ముందు జాతీయ జెండా. ఎటూ కదల్లేదు. వెనక సీట్లో కూర్చున్నామె తల బయట పెట్టి, "అబ్బయా, మీ జెండా ఇంకా ఎంతుంది? నా చేపలు చెడిపోతా ఉండాయి" అనింది. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలంటే తోక ఎక్కడుందో తెలియాలి, అది ఎవరికీ తెలీదు. తెల్లచొక్కాల వాళ్ళు నలుగురు పోగై చర్చ పెట్టారు. జెండా పైకెత్తి ఆటోని కింద నుంచి పంపిద్దామని ఒకరు. వాహనం మీద జెండా కప్పకూడదని రూల్ ఉందని ఇంకొకరు. ఆ రోజు మొత్తానికి రూలు గుర్తొచ్చింది ఈయనొక్కడికే, అదీ చేపలామె విషయంలోనే. ఆటో కదులుతా ఉంటే కప్పినట్టు కాదని మూడో ఆయన. కానిస్టేబుల్ ఒక చెయ్యి ట్రాఫిక్‌కి అడ్డం పెట్టి, రెండోది సెల్యూట్‌కి ఎత్తాలా విజిల్‌కి ఎత్తాలా తెలీక చొక్కా గుండీ దగ్గర ఆపేశాడు. పెద్దవాళ్ళు తేల్చేలోపు పిలకాయలే చేతులు పైకెత్తారు. గుడ్డ గాల్లోకి లేచింది, ఆటో కింద నుంచి దూరి అవతలికి పోయింది, పిలకాయలు కేరింతలు కొట్టారు. పోతాపోతా ఆమె చెయ్యి చాచి జెండా అంచు తాకి కళ్ళకద్దుకుంది. "చేపల చెయ్యి, చేపల చెయ్యి!" అని తెల్లచొక్కా ఒకటి గోల.

ఆ చేతికి ఏమయ్యా? నీ చేతికంటే వెయ్యిరెట్లు నయం. పొద్దున్నే లేచి పని చేసుకునే చెయ్యి.

జెండా పట్టుకున్న పిల్లాణ్ణి ఒకణ్ణి పక్కన నడుస్తూ అడిగాను, ఈ జెండా చేసిందెవరు నాయనా అని. "ఈవెంటోళ్ళు సార్" అన్నాడు. వాణ్ణి ఏమీ అనబుద్ధి కాలేదు. వాడు చూసింది వాడు చెప్పాడు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ చేతికి జెండా నమూనా ఇచ్చిన పింగళి వెంకయ్య, తర్వాత ఇదే నెల్లూరులో ఏళ్ళ తరబడి ఉండి అభ్రకం మీద పరిశోధన చేశాడని వాడికి చెప్పినవాళ్ళు లేరు. ఆ సమావేశాలైన వారానికే, ఏప్రిల్ 7న, గాంధీ పల్లిపాడు వచ్చి పెన్న ఒడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభించాడు. ఇక్కడ బస్సెక్కితే గంట కూడా పట్టదు. ఇన్ని బస్సులు పెట్టి పిలకాయల్ని ట్రంకు రోడ్డుకి తోలుకొచ్చినవాళ్ళకి ఒక్క బస్సు పల్లిపాడు వైపు తిప్పాలని తట్టలేదు. అక్కడ డ్రోన్‌కి ఏం దొరుకుద్దిలే, పాత గోడలు, చెట్లు. మన పక్క జిల్లా వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులు 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ మీద నిరసనలో తుపాకీకి ఎదురుగా రొమ్ము చూపించాడు. ఆయన కూడా ఫొటోగ్రాఫర్‌ని మాట్లాడుకోలేదు. ప్లానింగ్ లేని మనిషి!

నియమావళి మారింది కూడా. చేతితో వడికిన, నేసిన గుడ్డే వాడాలన్న నిబంధనను 2021 డిసెంబరులో సడలించి, మిషన్ మీద చేసిన పాలిస్టర్‌కీ తలుపు తీశారు. మొన్నటిదాకా మా జిల్లాలోనే ఉన్న వెంకటగిరి నేతగాళ్ళకు ఈ వార్త ఎంత తియ్యగా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

మా బడిలో జెండా పండగంటే ముందురోజు సాయంత్రమే మొదలయ్యేది. ఉడకబెట్టిన మైదా జిగురు, పురికోస, కాగితం జెండాలు. ఎవరైనా కాషాయం కిందికొచ్చేట్టు అంటిస్తే అయ్యోరు ఆ వరసంతా పీకించి మళ్ళీ అంటించేవాడు. మైదా ఎండి వేళ్ళు చర్రుమనేవి. కాషాయం ఎటుండాలో, చక్రం ఎక్కడుండాలో ఆ వేళ్ళకు తెలిసేది. మర్నాడు మడతలో చుట్టిన బంతిపూలు ఎప్పుడు రాలతాయా అని మెడలు పైకెత్తి చూసేవాళ్ళం. చూడటానికి జెండా తలపైన ఉండేది మరి. ఇప్పుడు పిలకాయల చేతుల్లో పెట్టి, పిలకాయలకే కనిపించకుండా చేశారు.

ఇంకొకటి చెప్పలేదు. చెప్పులు. జెండా పవిత్రం కాబట్టి పిలకాయలందరి చేతా చెప్పులు విప్పించారు. పొద్దున ఎనిమిదికి రమ్మన్నారు, నాయకుడు వచ్చేసరికి పదకొండయింది. పదకొండు గంటలకు నెల్లూరు తారు రోడ్డు ఎట్లా ఉంటుందో ఈ జిల్లాలో పుట్టిన ఎవరికైనా చెప్పాలా? ఒక కాలు దించి ఒక కాలు ఎత్తి, దించి ఎత్తి, నిలబడ్డచోటే నడుస్తున్నారు. జీపులో ఆయన కాళ్ళకు తెల్ల బూట్లు. ఆకుపచ్చ వైపు ఒక పిల్ల కళ్ళు తిరిగి కూలబడింది. నీళ్ళు అని అరిస్తే, నీళ్ళ డబ్బాలు నాయకుడి వెనక కార్లో ఉన్నాయి. డ్రోన్ వాడు మాత్రం "ఆ గ్యాప్ ఫిల్ చెయ్యండి" అన్నాడు. ఫిల్ చేశారు! ఇంకో పిల్లని తెచ్చి ఆ ఖాళీలో నిలబెట్టారు! మీ పిల్లలయితే నిలబెడతారా? మీ పిల్లలు ఆ పూట ఏసీ గదిలో ఫోన్లో ఈ వీడియోకే లైకు కొడతా ఉంటారు. ఊరి పిలకాయల్ని షామియానా గుంజల్లాగా అద్దెకి తెచ్చుకుని, దానికి దేశం పేరు పెడతారా? థూ.

ఫొటోలయ్యాక పిలకాయల్ని బస్సెక్కించారు. జెండాని ఉండచుట్టి మినీ లారీలో కుక్కారు. ఒక కొస బయట వేలాడుతూ మురుగు కాలవ పక్కన దుమ్ము ఊడ్చుకుంటా పోయింది. జెండాని అవమానిస్తే మూడేళ్ళ దాకా జైలు వేయొచ్చని 1971 చట్టం. కేసు పెట్టమని అడుగుదామంటే, పెట్టాల్సినవాళ్ళు కూడా జీపు పక్కనే ఫొటోలో ఉన్నారు.

వచ్చే ఏడాది ఎనిమిదొందల అడుగులట, అప్పుడే ఫ్లెక్సీలు కట్టారు. మంచిదే, అడ్డు చెప్పం. కాకపోతే చిన్న మార్పు. జెండా పట్టుకోవడానికి ఈసారి పిలకాయలు వద్దు. నాయకుడు, ఆయన అనుచరులు, ఫ్లెక్సీలో చేతులు జోడించుకుని ఉన్న పెద్దమనుషులు, అందరూ వరసలు కట్టాలి. చెప్పులు గాంధీబొమ్మ దగ్గర విప్పి పెట్టాలి. టైము మధ్యాహ్నం పన్నెండు. డ్రోన్ ఖర్చు మేం చందాలేసుకుంటాం.