వద్దనకపోతే ఒప్పుకున్నట్టేనా?

పండగ సేల్ దగ్గరపడితే చాలు, ఆన్‌లైన్‌లో సరుకు అమ్ముకునే చిన్న వ్యాపారి సెల్లర్ ప్యానెల్‌లో ఓ వరుస ప్రత్యక్షమవుతుంది. ‘మీ సరుకును ఆఫర్‌లో చేర్చాం, వద్దనుకుంటే ఫలానా తేదీలోగా తొలగించుకోండి’ అని. అన్ని ఆన్‌లైన్ అమ్మకపు వేదికలూ ఇలా చేయడం లేదు. చేస్తున్నవాటిని ఇదేమిటని అడిగేవారూ లేరు. ఆ వరుస కంటపడనివారు, కంటపడినా ఇంగ్లిష్ అర్థంకానివారు, ఆ వారమంతా మగ్గం గుంటలోంచి లేవనివారు అందరూ ఒప్పుకున్నట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమని పెద్దల మాట. ఇక్కడ మాత్రం మౌనమే పూర్తి అంగీకారం, సంతకం పెట్టినంత గట్టి అంగీకారం. ధర తగ్గించే హక్కు సరుకు సొంతదారు చేతిలోంచి ఇలా జారిపోతోంది. ఇవాళ దీన్ని అడ్డుకోకపోతే రేపటికి ఇదే వ్యాపార ఆనవాయితీ అవుతుంది.

‘పది శాతమేగా’ అనేవారు ఒకసారి లెక్క చూడాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని చిన్న ఉత్పత్తిదారులు సొంత రాష్ట్రంలో ఆన్‌లైన్‌లో అమ్ముకునే వెసులుబాటు 2023 అక్టోబర్ 1 నుంచి ఉంది. అలాంటి ఓ నేతకారుడు 1,200 రూపాయలకు చీర పెట్టాడనుకుందాం. నూలు, రంగు, కూలి కలిపి అతనికి పడింది 750. వేదిక పట్టుకునే కమీషన్ 12 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే 170 రూపాయలు. కొరియర్ 80, పన్నుతో 94. ఆర్డరుకింత అని పట్టుకునే రుసుము 30, పన్నుతో 35. కవరు, టేపు, లేబుల్ 25. పైసలు కూడా కలుపుకుంటే మొత్తం 325 పోగా చేతికొచ్చేది 875, మిగిలేది 125. ఇప్పుడు అతనికి తెలియకుండానే 10 శాతం ఆఫర్ పడింది. ధర 1,080 అయింది. కమీషన్ 153కు దిగింది. కొరియర్ దిగలేదు, రుసుము దిగలేదు, కవరు ఖరీదు దిగలేదు. చేతికి 772 వచ్చింది. మిగిలింది 22.

కొనేవారికి ఇచ్చిన 120 రూపాయల రాయితీలో 103 రూపాయలు నేతకారుడివి. కమీషన్‌లో తగ్గిన 17 మాత్రమే, అదీ పన్నుతో కలిపి, అవతలివైపు పడ్డ కోత. బ్యానర్ మీద పేరు మాత్రం వేదికది. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. ధరలో పది శాతం కోత, లాభంలో ఎనభై శాతానికి పైగా కోత అయిందంటే కారణం ఒక్కటే. ధర తగ్గితే దామాషాలో తగ్గే ఖర్చు కమీషన్ ఒక్కటి. మిగతావన్నీ రాయిలా కదలవు.

ఆఫర్ ఉంటేనే సరుకు పైవరసలో కనబడుతుందని, అమ్మకాలు పెరిగి నష్టం పూడుతుందని, డెలివరీ ఛార్జీ విడిగా చూపితే కొనేవారు వెనక్కి పోతారని వేదికల వాదన. కొంత నిజమే కావచ్చు. అయితే 125 రూపాయల లాభం 22కు పడినప్పుడు, మునుపు ఒక చీర మీద వచ్చిన మిగులు రావాలంటే ఆరు చీరలు అమ్మాలి. ఆఫర్ వచ్చిందని మగ్గం ఆరింతల వేగంతో ఆడదు. గోదాముల్లో మిల్లు సరుకు గుట్టలుపోసిన వ్యాపారికి పనికొచ్చే సూత్రాన్ని చేతిపని మీద రుద్దుతున్నారు. పైగా ఆ సూత్రం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. అమ్మేవాడిని అడిగారా లేదా అన్నదే ప్రశ్న.

ఆ 22 రూపాయలైనా నిలుస్తాయా? క్యాష్ ఆన్ డెలివరీలో తలుపు దగ్గర వద్దనేవారుంటారు, ఫోన్ ఎత్తనివారుంటారు, రంగు నచ్చలేదని తిప్పి పంపేవారుంటారు. రానూపోనూ కొరియర్ అమ్మేవారి మీదే వేసే చోట, తిరిగొచ్చిన ఒక్కో చీరకు 94, 94, ప్యాకింగ్ 25 కలిపి 213 రూపాయలకు పైగా గాలికి పోతాయి. వంద ఆర్డర్లలో పది వెనక్కి వచ్చాయనుకుంటే, నిలిచిన తొంభై చీరల మీద తలా 24 రూపాయల భారం. 22 లాభంలోంచి 24 తీసేస్తే ఏం మిగులుతుందో చెప్పనక్కర్లేదు. చీర మాసిపోయి, మడత నలిగి తిరిగొస్తే అది వేరే నష్టం.

అందుకే అమ్మేవారు సరుకు పెట్టకముందే కట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. తయారీ ఖర్చు, ప్యాకింగ్, పన్నుతో సహా కొరియర్, పన్నుతో సహా స్థిర రుసుము, వాపసుల భారం అన్నీ కూడాలి. ఆ మొత్తాన్ని, నూరు రూపాయల్లో కమీషనూ దాని పన్నూ పోగా మిగిలే వాటాతో భాగించాలి. పై ఉదాహరణలో కమీషన్ పన్నుతో 14.16 శాతం కాబట్టి భాగించాల్సింది 0.8584తో. 750, 25, 94, 35, 24 కలిపితే 928. భాగిస్తే దాదాపు 1,081. ఇది గిట్టుబాటు ధర కాదు, నష్టం మొదలయ్యే గీత. ఆఫర్ ధర 1,080 ఆ గీతకు కిందే ఉందని గమనించాలి. ఈ అంకెను గోడ మీద రాసుకున్న అమ్మకందారుకే ఏ ఆఫర్‌కు తలూపాలో, దేనికి వద్దనాలో తెలుస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారికి ఫీజుల మీది పన్ను క్రెడిట్‌గా తిరిగొస్తుంది కాబట్టి గీత కొంత కిందికి జరుగుతుంది. అమ్మకాల మీద స్వల్ప శాతం పన్నుగా కట్టే కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి ఆ ఊరట లేదు. రిజిస్టరైనవారి చెల్లింపులోంచి 0.5 శాతం టీసీఎస్, అంటే వేదికే వసూలు చేసే పన్ను, కూడా ముందే పట్టుకుంటారు. తర్వాత సర్దుబాటయ్యేదే అయినా, నూలు కొనాల్సిన రోజున ఆ డబ్బు చేతిలో ఉండదు.

ఇక ‘ఉచిత డెలివరీ’. ఈ మాట అబద్ధమని అందరికీ తెలుసు, అయినా అందరూ వాడుతున్నారు. కొరియర్‌వాడు ఉచితంగా మోయడు. ఆ 94 రూపాయలను అమ్మేవారు చీర ధరలో కలిపితే దానిమీదా కమీషన్ పడుతుంది. కాబట్టి 94 రాబట్టుకోవాలంటే ధర 110 పెంచాలి. ఉచితమన్న మాటకు కొనేవారు అదనంగా చెల్లించే మూల్యం ఆ 16 రూపాయలు. రెండు చీరలు ఒకే కవరులో వెళ్లినా ధరలో రవాణా రెండుసార్లు కూర్చుని ఉంటుంది. దానిమీద ఆఫర్ పడితే రాయితీ చీరకే కాదు, లోపల దాగిన కొరియర్ ఖర్చుకూ వర్తిస్తుంది. 110లో 11 రూపాయలు అక్కడే కరిగిపోతాయి. కొరియర్ సంస్థ మాత్రం తన బిల్లులో పైసా తగ్గించదు.

బరువు దగ్గర జరిగేది ఇంకా బాధాకరం. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేసేది, చేతిలోకి తీసుకుంటే దూదిలా ఉంటుంది. బొమ్మల సెట్టును ప్యాక్ చేస్తే 800 గ్రాములే తూగవచ్చు. పెట్టె కొలతలు 30, 25, 20 సెంటీమీటర్లయితే గుణించగా 15,000. దాన్ని కొరియర్ సంస్థలు వాడే అంకె 5,000తో భాగిస్తే 3 కిలోలు. తూకంలో తేలిన బరువు, పెట్టె కొలతలతో కట్టిన బరువు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. 4,000తో భాగించే చోట అదే పెట్టె 3.75 కిలోలవుతుంది. చేతులు, కిరీటాలు విడిగా చెక్కి మక్కు అనే జిగురు ముద్దతో అతికించిన బొమ్మ కాబట్టి చుట్టూ మెత్త లేకుండా పంపడం కుదరదు. అయినా పెట్టెను 26, 20, 16కు కుదించగలిగితే లెక్క 1.66 కిలోలకు, అంటే అరకిలోకొకసారి ఛార్జీ పెరిగే స్లాబుల్లో 2 కిలోలకు దిగుతుంది. దొరికిన పెట్టెలో బొమ్మ పెట్టడం మానేసి, బొమ్మకు తగ్గ పెట్టె కోయించుకోవడం ఖర్చు కాదు, పొదుపు. చీరకూ ఇంతే. 430 గ్రాముల చీరను 120 గ్రాముల అట్టపెట్టెలో పెడితే అరకిలో దాటి రెండో స్లాబులో పడుతుంది. అదే పాతిక గ్రాముల కవరులో మొదటి స్లాబులోనే ఉండిపోతుంది.

ఇంత జాగ్రత్తపడ్డా కొరియర్ హబ్‌లో మళ్లీ కొలిచి, బరువు ఎక్కువుందని అమ్మేవారికి రావాల్సిన సొమ్ములోంచి కోసేస్తారు. అభ్యంతరం చెప్పుకోవడానికి కొన్ని రోజులే గడువు. ఆ లోగా నోరెత్తకపోతే? ఒప్పుకున్నట్టే. మళ్లీ అదే సూత్రం. తూకం మిషన్ మీద పార్శిల్, పక్కనే కొలత టేపు, లేబుల్ కనబడేలా మూడు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోనివారికి ఆ డబ్బు తిరిగిరాదు. వాపసు వచ్చిన పార్శిల్‌ను కెమెరా ముందే విప్పనివారికి, లోపల పాత గుడ్డ ఉన్నా దిక్కులేదు. రుజువు చూపాల్సిన భారం అంతా బలహీనుడిదే. బలవంతుడు మాత్రం ఎదుటివాడి మౌనం చూపిస్తే చాలు.

కొనేవారు నేరుగా ధర అడిగే చోట్ల, అంటే పాత వస్తువుల సైట్లలో, వాట్సాప్‌లో, విదేశీ వేదికల్లో ‘ఆఫర్ పంపండి’ అన్న మీట దగ్గర, కనీసం బేరం బేరంలా ఉంటుంది. వెయ్యికి ఇస్తారా అని ఒకరు అడుగుతారు, మరొకరు జవాబు చెబుతారు. అక్కడ చేయాల్సింది తేలిక. అడిగిన ధరలో రవాణా కలిసిందా లేదా అన్నది మొదట తేల్చుకోవాలి. తగవులు ఎక్కువగా పుట్టేది అక్కడే. పిన్‌కోడ్ తెలియకుండా డెలివరీ మొత్తం చెప్పకూడదు. ఇంతకు తక్కువైతే దానంతటదే తిరస్కరించే అమరిక ఉన్నచోట నష్టం గీతను అందులో నమోదు చేయాలి. ధర తగ్గించేకంటే, రెండు కొంటే ఒక కొరియర్ ఛార్జీ తగ్గిస్తామనడం మేలు, ఎందుకంటే ఆ పొదుపు నిజంగా ఉంది. సంతలో బుట్ట ముందు కూర్చున్న అవ్వకైనా ‘గిట్టదు’ అని చెప్పే హక్కుంది. ఆ ఒక్క మాటను ఆన్‌లైన్ సంత లాక్కుంటోంది.

చట్టం లేక ఇదంతా జరుగుతోందని ఎవరూ అనలేరు. 2018 డిసెంబర్ 26న కేంద్రం ఇచ్చిన ప్రెస్ నోట్ 2 ప్రకారం విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు అమ్మకపు ధరను నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రభావితం చేయకూడదు. 2019 ఫిబ్రవరి 1 నుంచి అది అమల్లో ఉంది. భారీ రాయితీల మీద ఫిర్యాదులొస్తే 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లపై దర్యాప్తుకు ఆదేశించింది. అదే ఏడాది జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు ఇంకా స్పష్టం. కొనేవారి సమ్మతి తేటతెల్లంగా, వారు స్వయంగా చేసిన చర్యతో రావాలి, ముందే టిక్ పెట్టిన గడితో సమ్మతి నమోదు చేయకూడదు అని నాలుగో నిబంధన చెబుతోంది. మొత్తం ధరతో పాటు డెలివరీ వంటి ఛార్జీలు, పన్నులు విడగొట్టి చూపాలని ఆరో నిబంధన అంటోంది. 2023 నవంబర్ 30న నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (తెర మీద మభ్యపెట్టే ఎత్తుగడలు) మార్గదర్శకాలు, అడగని వస్తువును బుట్టలో చేర్చడాన్నీ, ధరను చివర్లో కొంచెం కొంచెంగా బయటపెట్టడాన్నీ పేరుపెట్టి మరీ తప్పన్నాయి.

అంటే కొనేవారి బుట్టలో అడగకుండా పది రూపాయల వస్తువు వేస్తే మోసం. అమ్మేవారి లాభంలోంచి అడగకుండా 103 రూపాయలు తీస్తే మార్కెటింగ్. ఒకే తెర, ఒకే గడి, ఒకే టిక్కు. తెరకు ఇవతల ఉన్నవారికి రక్షణ, అవతల ఉన్నవారికి శిక్ష. ఈ రెండు నాల్కల ధోరణిని మేము ఒప్పుకోలేం. స్వయం ఉపాధితో బతికేవారు జీవనోపాధి కోసం కొని వాడుకునే వస్తువుల విషయంలో వారినీ వినియోగదారులుగా చూడవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే అవకాశమిచ్చింది. ఆ స్ఫూర్తిని అమ్మకందారుల సమ్మతికి విస్తరించడానికి కొత్త తత్వం కనిపెట్టక్కర్లేదు.

చేయాల్సింది ఎంతో లేదు. ప్రతి ఆఫర్‌కూ అమ్మకందారు విడిగా ‘సరే’ అంటేనే సరుకు అందులో చేరాలి. ఆ ‘సరే’ నొక్కేముందు, రాయితీలో ఎవరి వాటా ఎంతో, చేతికి చివరికి వచ్చేదెంతో రూపాయల్లో, తెలుగులో తెర మీద కనబడాలి. ఇంతకు తక్కువకు అమ్మను అని రాసుకునే గడి ఉండాలి, దాన్ని ఏ సేల్ కూడా దాటకూడదు. బరువు పెంచి కోత వేసేముందు రుజువు ఇవ్వాల్సింది కోసేవారే. డెలివరీ ఖర్చు ఎంతో కొనేవారికీ విడిగా తెలియాలి.

నేతకారులను, బొమ్మల కళాకారులను ఆన్‌లైన్‌లోకి తెచ్చామని సంఖ్యలు ప్రకటించుకునే శాఖలకూ ఒక మాట. ఖాతా తెరిపించి, ఫొటో తీయించి వదిలేస్తే మీ పని అయిపోయినట్టు కాదు. పెట్టె కొలతలు ఎలా కట్టాలో, నష్టం గీత ఎక్కడుందో, ఆఫర్‌లోంచి ఎలా బయటికి రావాలో నేర్పని శిక్షణ వారిని నేరుగా ఈ ఉచ్చులోకే నడిపిస్తోంది. ముందే టిక్ పెట్టిన గడి చెల్లదని 2020లో స్వయంగా రాసిన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, అదే గడిని నేతకారుడి ముందు పెడుతుంటే ఇంకా ఎందుకు చూస్తూ కూర్చుంది? దాని మౌనాన్ని మేమూ అంగీకారం కిందే లెక్కేసుకోవాలా?