సవరణ: జర్మనీ రగ్బీ ఆటగాళ్ల సమ్మె గురించి

జర్మనీ ఆటగాళ్లు డబ్బు కోసం సమ్మె చేశారని, దాంతో 2017 నవంబరులో చిలీతో మ్యాచ్ రద్దయిందని మొన్న రాశాను. రెండూ తప్పే. క్షమించండి.

మ్యాచ్ జరిగింది. ముఖ్యమైన ఆటగాళ్లు దిగకపోవడంతో ఫెడరేషన్ వేరేవాళ్లను పోగుచేసి ఆడించింది. 32-10తో చిలీ గెలిచింది. అసలు గొడవ జట్టు ఎవరి చేతిలో ఉండాలన్నది. కాప్రి-సన్ పళ్లరసం కంపెనీ యజమాని హాన్స్-పీటర్ విల్డ్ హైడెల్‌బర్గ్‌లోని తన అకాడమీ ద్వారా ఏళ్ల తరబడి ఆటగాళ్లను పోషించారు. ఆయనకూ ఫెడరేషన్‌కూ చెడింది. జీతం అకాడమీది, జెర్సీ దేశానిది: మధ్యలో నలిగింది ఆటగాళ్లు. వాళ్లను డబ్బు మనుషులన్నట్టు రాసినందుకే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఈ రెండు స్కోర్లు పక్కపక్కన పెట్టి చూడండి. 2017 ఫిబ్రవరిలో రొమేనియాపై జర్మనీ 41-38తో గెలిచింది. సరిగ్గా ఏడాదికి అదే రొమేనియా చేతిలో 85-6తో ఓడింది. ఆ రెండోసారి ఆడింది దాదాపు వేరే జట్టు. 'ఫామ్ పోయింది' అన్న నా మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను.

సెవెన్స్, అంటే జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ, సంగతి వేరు. అది ఒలింపిక్ క్రీడ కాబట్టి దానికి ప్రభుత్వ సాయం దొరుకుతుంది. పదిహేను మంది ఆటకు ఆ అండ లేదు.