డాన్ గారింట్లో కాఫీ ఎవరిస్తారు?

జోనాస్ కార్పిన్యానో అనే దర్శకుడు మన మనోభావాల మీద గట్టి దెబ్బే కొట్టాడు. 2021లో ‘ఎ కియారా’ అని ఇటలీలో ఒక చిన్న సినిమా తీసి, కాన్ చిత్రోత్సవంలో డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్ అనే విభాగానికి పట్టుకెళ్ళి, బహుమతి కూడా కొట్టేశాడు. మాఫియా కుటుంబం కథ అంటే ఆశగా కూర్చున్నాను. సినిమా అయిపోయింది గానీ పట్టుచీర కట్టుకుని, వెండి ట్రేలో కాఫీ పెట్టుకుని మెట్లు దిగే ఇల్లాలు మాత్రం కనపడలేదు.

ఇదేం అన్యాయమండీ? మన సినిమాల్లో డాన్ గారి భార్యకి ఆ ట్రేనే కదా పాత్రచిత్రణ! ఆవిడ మెట్లు దిగుతుంది. హాల్లో పాతికమంది తెల్లచొక్కాలు కత్తులు పక్కన పెట్టి లేచి నిలబడతారు. ఆయన కప్పు అందుకుంటాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగుతుంది. కప్పు గోడకేసి కొడతాడు. ఇన్నేళ్ళలో ఒక్క డాన్ కూడా కాఫీ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టిన పాపాన పోలేదు. అయినా ఆ తల్లి రోజూ కలుపుతూనే ఉంటుంది. “ఎందుకండీ మనకీ గొడవలు” అని సినిమాకి ఒక్కసారి అనే హక్కు కూడా ఆమెకుంది. “నువ్వు లోపలికెళ్ళు” అని ఆయన అనాలంటే ముందు ఆవిడ ఏదో ఒకటి అనాలి కదా.

కార్పిన్యానోకి ఈ మర్యాదలేవీ తెలియవు. కథ జరిగేది దక్షిణ ఇటలీలో, కలాబ్రియాలోని జోయా టావురోలో. పెద్ద కంటెయినర్ రేవున్న ఊరు. ఎన్‌డ్రాంగెటా అనే మాఫియా కొకైన్‌ని ఆ రేవు గుండానే యూరప్‌లోకి దించుతుందని పేరు. అక్కకి పద్దెనిమిదేళ్ళు నిండిన సందర్భంగా ఇంటిల్లిపాదీ పార్టీ చేసుకుంటారు. ఆ తర్వాత ఇంటిముందు కారు పేలిపోతుంది, నాన్న మాయమవుతాడు. టీనేజీలో ఉన్న రెండో కూతురు కియారా “నాన్న ఏం పని చేస్తాడు?” అని అడగడం మొదలుపెడుతుంది. అమ్మ చెప్పదు, అక్క చెప్పదు. తను పెరిగిన ఇంట్లోనే ఒక రహస్య బంకరు ఉందని ఆ పిల్ల తనంతట తానే కనిపెడుతుంది. కియారాగా వేసింది స్వామి రోటోలో అనే ఆ ఊరి అమ్మాయే. తెరమీద ఆమె ఇంటివాళ్ళుగా కనిపించేది కూడా ఆమె సొంతవాళ్ళే. 2022లో ఇటలీ జాతీయ సినిమా పురస్కారం ఉత్తమ నటిగా ఆమెకే ఇచ్చారు.

ఈ కథని ఫిల్మ్‌నగర్ సిట్టింగ్‌లో పెడితే?

“అమ్మాయి బంకరు కనిపెడుతుందండీ...”

“ఆగవయ్యా. అమ్మాయి కనిపెట్టడమేంటి? హీరో కనిపెడతాడు.”

“ఇందులో హీరో లేడు సార్.”

గదిలో ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. నిర్మాతగారు మంచినీళ్ళు తాగుతారు. కో-డైరెక్టర్ ఆదుకుంటాడు: “నాన్న పాత్ర ఉందిగా సార్. దాన్ని మన పెద్దహీరోకిద్దాం. బంకర్లోంచి లేస్తాడు. స్లో మోషన్. ఇంటర్వెల్ బ్యాంగ్.”

“బాగుంది. మరి ఆ పిల్ల?”

“కిడ్నాప్ చేయిద్దాం సార్. సెకండాఫ్‌కి ఎమోషన్.”

“భార్య?”

“ఫ్లాష్‌బ్యాక్‌లో చంపేద్దాం సార్. డేట్లు కూడా కలిసొస్తాయి.”

“బంకర్లో పాట పడుతుందా?”

“సెట్టేస్తే పడుతుంది సార్. ముంబై నుంచి అమ్మాయిని దింపుదాం.”

కథ ఓకే. అడ్వాన్సు కూడా చేతులు మారుతుంది. ఫ్లాష్‌బ్యాక్‌లో చంపేయడం! ఎంత తేలిగ్గా తేలిందో చూశారా?

నిజజీవితంలో లెయా గారోఫాలో అనే ఆవిడది కూడా కలాబ్రియానే, అలాంటి కుటుంబమే. 2002లో పోలీసులకి నోరు విప్పింది. 2009 నవంబరులో మిలాన్‌లో కూతురి తండ్రే ఆమెని మాయచేసి రప్పించి చంపించాడు. శవాన్ని కాల్చి బూడిద చేశారు. అప్పటికి పదిహేడేళ్ళున్న ఆ కూతురు తర్వాత కోర్టుకెళ్ళి కన్నతండ్రి మీద సాక్ష్యం చెప్పింది. 2011లో, జోయా టావురో పక్కనే ఉన్న రోసార్నోలో, ముగ్గురు పిల్లల తల్లి మరియా కొన్చెత్తా కాచ్చోలా యాసిడ్ తాగి చచ్చిపోయింది. ఆమె కూడా నోరు విప్పిందే. ఇంటివాళ్ళు పిల్లల్ని అడ్డం పెట్టుకుని ఆమెని వెనక్కి లాక్కొచ్చారు. చెప్పిందంతా అబద్ధమని ఆమె చేతే అనిపించారు. వీళ్ళ బతుకులో ఎలివేషన్ ఏదిరా? బీజీఎం ఎక్కడ వేస్తావు? చంపినవాడికి మీసం మెలేసే షాట్లు, చచ్చినదానికి దండేసిన ఫొటో. దాని ముందు నిలబడి కొడుకు కత్తి పట్టుకుంటే హాలంతా ఈలలు. ఆ ఫొటోలో ఉన్నావిడ బతికుండగా ఏం చెప్పబోయిందో అడిగే దిక్కు లేదు. సిగ్గుండాలి.

క్షమించాలి, కాస్త గొంతు పెరిగింది. మళ్ళీ సిట్టింగ్‌లోకి వద్దాం.

అదే కలాబ్రియాలోని రెజ్జో కలాబ్రియా అనే ఊళ్ళో రాబెర్టో ది బెల్లా అనే బాలల కోర్టు జడ్జి ఒక పద్ధతి పెట్టాడు. మాఫియా కుటుంబాల పిల్లల్ని ఆ ఇళ్ళ నుంచి తప్పించి, దూరంగా వేరే ఊళ్ళలో ఉంచి చదివించడం. సినిమాలో కియారా దాకా కూడా వస్తుంది ఈ వ్యవహారం. మొదట్లో తల్లులు ఆయన్ని తిట్టిపోశారు. పోనుపోను కొందరు తల్లులు మొగుళ్ళకి తెలియకుండా ఆయన దగ్గరికే వచ్చి, మా పిల్లల్ని తీసుకుపోండి అని బతిమాలారు. ఈ ముక్క చెప్పగానే నిర్మాతగారు కుర్చీలో ముందుకి జరిగారు.

“అదీ! జడ్జి వేషం పెద్దహీరోకి డబుల్ యాక్షన్. ఆ తల్లులు గుంపుగా వచ్చి కాళ్ళ మీద పడతారు. జూనియర్ ఆర్టిస్టులు చాలు, మాటలు పెట్టకండి, ఖర్చు.”