అసమానత నివారణకు ఒక ప్రయాణ ప్రణాళిక

ఆదాయాల్లోని అసమానతను కొలవడానికి 1912లో కొర్రాడో గినీ అనే ఇటలీ పండితుడు ఒక సూచికను తయారుచేశాడు. సున్నా అయితే అందరూ సమానమే, ఒకటి అయితే ఉన్నదంతా ఒక్కడిదే. నూరేళ్ళు దాటినా ప్రపంచం దానితోనే నెట్టుకొస్తోంది. ఆయన పాండిత్యం మీద నాకు గౌరవం ఉన్నది గానీ, జగిత్యాల దాపున ఉన్న మా ఊరికి ఆ సూచిక అక్కరకు రాదని సవినయంగా మనవి చేస్తున్నాను. మా ఊళ్ళో ఆదాయమెంతని అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పినా అది నిజం కాదు. అదే, మీ అబ్బాయి ఎక్కడున్నాడన్న విషయం అడగకపోయినా చెబుతారు. ఆ చోటు పేరు విని, ఇక్కడికీ అక్కడికీ ఎన్ని కిలోమీటర్లో లెక్క వేసుకుంటే చాలు, ఆ ఇంటికి ఒకప్పుడు ఎన్నెకరాల పొలం ఉండేదో ఇంచుమించుగా తేలిపోతుంది. ఈ కొలతకు నేను దూరమానం అని పేరు పెట్టుకున్నాను.

సిద్ధాంతం చాలా సులభమైనది. తరి పొలం అయిదెకరాలున్న ఇంటి కుర్రవాడు అందులో ఒక ఎకరం అమ్ముకుని అమెరికా వెళతాడు. అరెకరమే ఉన్నవాడు ఆ కాగితాలు కుదువబెట్టి, నూటికి రెండు రూపాయల మిత్తికి అప్పు తెచ్చుకుని దుబాయి వెళతాడు. చెలక తప్ప మరేమీ లేనివాడు బొంబాయి బస్సెక్కుతాడు. అది కూడా లేనివాడు పక్క మండలం దాకా పోయి, కూలి చేసుకుని, పొద్దుగూకేసరికి ఇల్లు చేరతాడు గనుక అతణ్ణి వలస వెళ్ళినవాడిగా ఏ లెక్కా గుర్తించదు. వలస వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది దగ్గరి చోట్లకే వెళతారని రావెన్‌స్టీన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1885లోనే సూత్రీకరించాడు. దానికి అంత పరిశోధన దేనికో నాకు అర్థం కాలేదు. మా ఆర్టీసీ కండక్టరును అడిగి ఉంటే, చేతిలో పైసలు ఎంతవరకు వస్తే అంతవరకే టికెట్టు కొడతామని నిలుచున్న పాటున చెప్పేవాడు.

బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని తెలంగాణలో ఒక నానుడి ఉంది. ఉన్న ఊళ్ళో బతుకుదెరువు లేనివాడికి మిగిలిన మూడు దిక్కులను ఒక్క ప్రాసలో కట్టిపడేసిన ఆ అజ్ఞాత కవిని మెచ్చుకోవలసిందే. అయితే అమెరికా ఆ ప్రాసలో ఇమడలేదు. ఇమడనివాళ్ళే బాగుపడ్డారన్నది గమనించదగ్గ విషయం.

అమెరికా దారి గురించి పత్రికలు రోజూ రాస్తూనే ఉన్నాయి గనుక నేను ఒక్క ముచ్చటతో సరిపెడతాను. చదువుకోవడానికి వెళ్ళే కుర్రవాడి ఖాతాలో తగినంత డబ్బు ఉందని వీసా ఇచ్చేవారికి నమ్మకం కలగాలి. లేనివాళ్ళ ఖాతాలో కొన్ని వారాల పాటు డబ్బు నిలబెట్టి చూపించి, పని కాగానే తీసేసుకునే పరోపకారులు హైదరాబాదులో ఉన్నారు. దానికి వడ్డీ వేరు. అంటే, సంపాదించుకోవడానికి వెళ్ళే అర్హత ఇదివరకే సంపాదించుకున్నవాడికి ఉంటుంది గనుక, సంపాదన లేనివాడు ఉన్నట్టు కనిపించడం కోసం అప్పు చేయాలి. ఆ తరవాతి సంగతి చిలుకూరు బాలాజీ చూసుకుంటాడు. ఆయన మొదట 11 ప్రదక్షిణలతో సరిపెట్టుకుని, కోరిక తీరిన తరవాతే 108 చేయించుకుంటాడు. గల్ఫ్ ఏజెంటుకు ఇంతటి దైవగుణం లేదు. మొత్తం ముందే కట్టాలి.

గల్ఫ్ దారిలో మన ప్రభుత్వం చూపిన శ్రద్ధను ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావించాలి. రిక్రూటింగ్ ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప ఎర్ర ఏగానీ అదనంగా తీసుకోరాదని నిబంధన ఉంది. ఆ నిబంధన గురించి మా ఊళ్ళో చెబితే, ఎప్పటి నుంచి అమలు చేస్తారని ఒక పెద్దమనిషి ఎంతో ఆశగా అడిగాడు. పదో తరగతి పాసు కానివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్, అంటే వలస తనిఖీ అవసరం, అన్న మూడక్షరాలు ఉంటాయి. అవి ఉన్నవాడు గల్ఫ్ సహా 18 దేశాలకు కొలువుకు వెళ్ళాలంటే, 1983 నాటి చట్టం ప్రకారం వలసదారుల సంరక్షకుడనే అధికారి అనుమతి తీసుకోవాలి. అతని మేలు కోసమే సుమా! సంరక్షణ తప్పించుకోవడానికి అతను విజిట్ వీసా మీద వెళ్ళి, అక్కడ ఖఫీల్ అనే యజమాని చేతిలో పాస్‌పోర్టు పెట్టి, జీతం రాక ఒకనాటి రాత్రి గోడ దూకితే, అప్పటి నుంచి అతని పేరు కల్లివెల్లి, అంటే యజమానిని వదిలి పారిపోయినవాడు. గినీ మహాశయుడు అంత గణితం చేసి పట్టుకున్నదాన్ని మనవాళ్ళు పాస్‌పోర్టు మీద మూడక్షరాల్లో అచ్చువేయించారు.

శంషాబాదు విమానాశ్రయంలో సామాను తిరిగే పట్టా దగ్గర ఒక గంట నిలుచుంటే నా దూరమానం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. గల్ఫ్ విమానం నుంచి దిగేవి అట్టపెట్టెలు. నైలాన్ తాడుతో ఎనిమిది చుట్లు బిగించి, నలువైపులా మార్కరుతో పేరు, ఊరు, మండలం, ఫోన్ నంబరు రాసి ఉంటాయి. ఒకసారి తాడు తెగిన పెట్టె ఒకటి తిరుగుతూ వచ్చింది. ఒక రగ్గు, రెండు పాలపొడి డబ్బాలు, డజను టైగర్ బామ్ సీసాలు, రిమోటుతో నడిచే బొమ్మ కారు బయటికి చూస్తున్నాయి. దాని యజమాని పరుగెత్తుకొచ్చి, అన్నిటికంటే ముందు బొమ్మ కారును చంకలో పెట్టుకున్నాడు. అమెరికా నుంచి వచ్చిన సూట్‌కేసుల మీద పేర్లుండవు. అవి తప్పిపోయినా ఇంటికి తెచ్చి ఇస్తారన్న భరోసా యజమానులకు ఉంటుంది కాబోలు.

బొంబాయి దారికి వస్తే, అక్కడ కాగితాల బెడదే లేదు. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే వీసా. వెనక ఉత్తరాంధ్ర వాళ్ళు మేస్త్రీ చేతి అడ్వాన్సుతోనే స్టీమరెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళేవారు; ఊరు మారింది గానీ మేస్త్రీ మారలేదు. పాలమూరు కూలీలు మన్ను మోయని ప్రాజెక్టు దేశంలో లేదని మనం గర్వంగా చెప్పుకుంటాం. కృష్ణా నది తెలంగాణలో అడుగుపెట్టేది పాత పాలమూరు జిల్లాలోనే అయినా, ఆ జిల్లా వాళ్ళు పరాయి నదుల మీద ఆనకట్టలు కట్టడానికి వెళ్ళారంటే వారి నిస్వార్థం ఎంతటిదో ఊహించుకోవచ్చు. వీరి కోసం 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చినందుకు పరిహారంగా నెల కూలీలో సగం గానీ, 75 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని అందులో ఉంది. ముసలి తల్లినీ, పసిపిల్లలనూ వదిలిపెట్టిన బాధ కనీస ధర 75 రూపాయలని పార్లమెంటు అంత కచ్చితంగా ఎలా లెక్కగట్టిందో తెలుసుకోవాలని నాకు చిరకాలంగా కోరిక. 2020లో ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక స్మృతిని తెచ్చినప్పుడు ఆ భత్యాన్నే ఎత్తేశారు గనుక ఇక ఆ కోరిక తీరే దారి లేదు.

భాష విషయంలో కూడా మన సమాజం చాలా జాగ్రత్తగా ఉంది. డల్లాస్‌లో ఉన్నవాడు ఎన్నారై. దమ్మామ్‌లో ఉన్నవాడు గల్ఫ్ కార్మికుడు. బొంబాయి దగ్గరి భివండీ మగ్గాల మీద ఉన్నవాడు వలస కూలీ. బిహార్ నుంచి మన పొలాల్లో నాట్లు వేయడానికి వచ్చినవాడికి ఆ మాత్రం పేరు కూడా లేదు, హిందీవాళ్ళు వచ్చారంటాం. చట్టం దృష్టిలో ఎడారిలో ఒంటెలు కాసేవాడు కూడా ప్రవాస భారతీయుడేనని తెలిస్తే మన ఎన్నారై సంఘాలు ఎంత ఇబ్బంది పడతాయో! రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2016-17లో దేశానికి వచ్చిన ప్రవాసుల డబ్బులో దాదాపు సగం గల్ఫ్ నుంచే వచ్చేది. 2023-24 నాటికి అది 38 శాతానికి తగ్గి, ఒక్క అమెరికా వాటా 27.7 శాతానికి పెరిగింది. బరువు మోసేవాళ్ళు తగ్గారని దీని అర్థం కాదు. బరువుకు కట్టే కూలీకీ, బల్లకు కట్టే జీతానికీ ఉన్న తేడా పెరిగింది.

ఈ తేడాలన్నీ 2020లో కొద్ది రోజుల పాటు మాయమవుతాయని ఆశపడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందరూ ఒకే రోగానికి భయపడి, ఒకేసారి ఇంటి దారి పట్టారు గదా! తీరా చూస్తే సముద్రాలు దాటి వచ్చేవాళ్ళ కోసం మే 7 నుంచి నడిచిన విమానాలకు వందే భారత్ అని పేరు పెట్టారు, కూలీల రైళ్ళకు శ్రామిక్ అని పెట్టారు, రెండూ దొరకనివాళ్ళ నడకకు ఏ పేరూ పెట్టలేదు. దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. సరిగ్గా వారం తిరిగేసరికి, మే 8న, బిహార్‌లోని ఖగడియా నుంచి మన రైస్ మిల్లులకు కావలసిన హమాలీలతో ఒక రైలు అదే లింగంపల్లికి వచ్చింది. రోగం సంగతి ఎలా ఉన్నా బియ్యం బస్తా తనంతట తాను లారీ ఎక్కదు.

ఇక వలస వల్ల అసమానత పెరుగుతుందా, తగ్గుతుందా అన్న పెద్ద ప్రశ్న. స్టార్క్, టేలర్, యిట్జాకీ అనే ముగ్గురు పండితులు మెక్సికోలోని రెండు గ్రామాలను పరిశీలించి 1986లో దీనికి ఒక జవాబు చెప్పారు. మొదట కొద్దిమందే వెళ్ళినప్పుడు వాళ్ళు పంపే డబ్బు ఊళ్ళో తేడాలను పెంచుతుందట. వెళ్ళే దారి అందరికీ అందుబాటులోకి వచ్చిన కొద్దీ తేడాలు తగ్గుతాయట. ఈ మాట చదవగానే నాకు మహదానందం కలిగింది. ఎందుకంటే, ఈ సూత్రాన్ని చివరిదాకా లాగితే ఊళ్ళో వాళ్ళంతా వెళ్ళిపోయిన రోజున ఊరు సంపూర్ణ సమానత్వాన్ని సాధిస్తుంది. మా వీధి ఇప్పటికే ఆ అంచుల్లో ఉంది.

మా వీధిలో ఆరిళ్ళు. నాలుగింటికి తాళాలు. మిగతా రెండిళ్ళలో ఇద్దరు ముసలమ్మలు. ఇద్దరికీ మోకాళ్ళ నొప్పులు, ఇద్దరికీ ఒకే డాక్టరు, ఇద్దరూ పొద్దున ఆరింటికి ఒకే పాల ప్యాకెట్టు కొని చెరి సగం చేసుకుంటారు. గినీ స్వయంగా వచ్చి కొలిచినా సున్నా దాటదు. ఒకావిడ కొడుకు డల్లాస్‌లో, మరొకావిడ కొడుకు దమ్మామ్‌లో. దమ్మామ్ అబ్బాయి వెళ్ళేటప్పుడు కుదువబెట్టిన అరెకరం మిత్తి కింద మునిగిపోతే, రోడ్డు పక్కది గదా అని డల్లాస్ అబ్బాయి కొన్నాడు. ఆ తరవాత ఆ చుట్టుపక్కల ఎకరం ధర ఎంత పెరిగిందంటే, దమ్మామ్ అబ్బాయి తన పాత పొలాన్ని తిరిగి కొనుక్కోవడానికి ఎన్నేళ్ళు ఎడారిలో ఉండాలో లెక్క వేయబోయి మానేశాడు. ఒకనాడు అరుగు మీద కూర్చుని డల్లాస్ తల్లి, "నీ కొడుకు పొలం నా కొడుకు కొన్నడు గని, చూసెటోడే లేడు వదినె" అని వాపోయింది. రెండో ఆవిడ పాల ప్యాకెట్టు కత్తిరిస్తూ, "మావోడు వస్తడు తియ్, కౌలుకియ్యి" అన్నది. 2018 మేలో రైతుబంధుగా మొదలై, 2025లో రైతు భరోసాగా మారిన సాయం, పట్టా ఎవరి పేరిట ఉంటే వాళ్ళకే గానీ కౌలుదారుకు కాదు గనుక, ఆ అబ్బాయి తిరిగివచ్చి తన పొలాన్నే కౌలుకు చేసుకున్నా, పెట్టుబడి సాయం మాత్రం డల్లాస్‌కు చెందుతుంది. వలసకూ అసమానతకూ ఉన్న సంబంధాన్ని ఇంతకంటే క్లుప్తంగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదని నా అభిప్రాయం.

కాబట్టి ప్రభుత్వానికి నా సూచన ఇది. ఆదాయాలను సమానం చేయడం ఎవరి వల్లా కాలేదు గనుక దూరాలను సమానం చేయండి. కుటుంబానికి ఇన్ని వేల కిలోమీటర్లని రేషన్ కార్డు మీద రాసి, చెలక రైతు కొడుకును డల్లాస్‌కూ, అయిదెకరాల ఆసామి కొడుకును భివండీకీ పంపండి. ఇందుకు ఆర్థిక శాఖను రవాణా శాఖలో కలిపేస్తే సరిపోతుంది. ప్రవాస భారతీయుల కోసం 2004లో పెట్టిన మంత్రిత్వ శాఖను 2016లో విదేశాంగ శాఖలో కలిపేశారు గనుక ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. ఒక్కటే చిక్కుంది. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాడు, అంటే అప్పటి మారకం లెక్కన సుమారు 88 లక్షల రూపాయలు. కట్టవలసింది కంపెనీయే అయినా, ఆ రాత్రి మా ఊళ్ళో పెళ్ళి సంబంధాలు మూడు వాయిదా పడ్డాయి.

తాళం వేసిన నాలుగిళ్ళలో పెద్దదానికి ఖగడియా వైపు నుంచి నాట్లకు వచ్చిన ఒక మనిషిని కావలి పెట్టారు. రాత్రి ఏడు కాగానే అతను పదకొండు గదుల్లోనూ లైట్లు వేస్తాడు. ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలని యజమాని ఫోనులో చెప్పిన మాట. తరవాత అరుగు మీద కూర్చుని, తన ఇంటికి వీడియో కాల్ చేసి, మెట్లకు వేసిన పాలరాయి నుంచి పైకప్పు దాకా అంతా తిప్పి చూపిస్తాడు. నిన్న ఆ కాల్‌లో అతని భార్య కోపంగా ఏదో అరుస్తోంది. ఏమైందని అడిగాను. వాళ్ళ ఊళ్ళో తమకున్న కాస్త పొలంలో నాట్లు వేయడానికి మనుషులు దొరకడం లేదట.