మితి ఫార్ములాలను రాబట్టడం నేర్పాలి

భౌతికరాశుల మితి ఫార్ములాలను (ఒక రాశిలో ద్రవ్యరాశి, పొడవు, కాలం ఏయే ఘాతాలతో ఉంటాయో చెప్పే సూత్రాలను) పట్టికగా ఇచ్చి, వాటిని కంఠస్థం చేయమని నేను చదివిన ఒక వ్యాసం సూచించింది. పట్టిక నిర్దుష్టంగానే ఉన్నా, ఆ సలహాతో నేను ఏకీభవించలేను. ద్రవం తన ప్రవాహాన్ని ఎంతగా నిరోధిస్తుందో తెలిపే స్నిగ్ధతా గుణకాన్నే తీసుకుందాం. ఇంటర్ విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు నేను తరచూ చూసే పొరపాటు, వేగ ప్రవణతను, అంటే ద్రవపు పొరల మధ్య దూరాన్ని బట్టి వేగం మారే రేటును, వారు వేగమేనని అనుకోవడం. వేగాన్ని దూరంతో భాగించగా వచ్చే ఆ ప్రవణతలో పొడవు రద్దయి, కాలానికి -1 ఘాతం మాత్రమే మిగులుతుంది. బలం మితులు ద్రవ్యరాశికి 1, పొడవుకు 1, కాలానికి -2 కాబట్టి, దానిని వైశాల్యంతోనూ ఈ ప్రవణతతోనూ భాగిస్తే స్నిగ్ధతా గుణకానికి వరుసగా 1, -1, -1 ఘాతాలు వస్తాయి. నిర్వచనం నుంచి ఇలా ఒక్కసారి స్వయంగా రాబట్టిన విద్యార్థి పరీక్షలో తడబడడు.

మితి విశ్లేషణ అనే ఈ పద్ధతికి ఉన్న పరిమితులను కూడా వ్యాసంలో చేర్చి ఉండవలసింది. పనికీ టార్కుకూ (బలం వస్తువును తిప్పే ప్రభావానికీ) మితి ఫార్ములా ఒకటే అయినా మొదటిది పరిమాణం మాత్రమే ఉన్న అదిశ, రెండోది దిశ కూడా ఉన్న సదిశ. లఘులోలకం ఆవర్తన కాలం (ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం), ఆ లోలకం పొడవును గురుత్వ త్వరణంతో భాగించగా వచ్చే విలువ వర్గమూలానికి అనులోమానుపాతంలో ఉంటుందని మితి విశ్లేషణ చెప్పగలదు కానీ, అందులోని 2 పై అనే స్థిరాంకాన్ని ప్రయోగం ద్వారానో, చలన సమీకరణం ద్వారానో కనుగొనవలసిందే.