కవి భక్తుడైతేనే దారి చూపిస్తామా?

తిరుపతి బస్టాండు బయట ట్యాక్సీవాళ్లను కదిలిస్తే చాలు, లోకల్ టెంపుల్స్ ప్యాకేజీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తారు. తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, కపిలతీర్థం, అప్పలాయగుంట. ఫుల్ డే మాట్లాడుకుంటే కాణిపాకం, శ్రీకాళహస్తి, ఇంకా ఓపికుంటే వేలూరు దగ్గరి గోల్డెన్ టెంపుల్. రోజుకు 60 వేలకు పైగా జనం కొండెక్కే ఊరు ఇది. వాళ్లలో కథలూ నవలలూ చదివేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. దర్శనానికీ తిరుగు రైలుకీ మధ్య ఒక పూట ఖాళీ కూడా చాలామందికి దొరుకుతుంది. ఆ పూట ఒక రచయిత ఊరు చూసొద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. తప్పు వాళ్లది కాదు. ఈ ప్రాంతం తన రచయితల్లో భక్తులైనవాళ్లకే దారి చూపించింది. మిగతావాళ్ల ఊళ్లు మ్యాపులో ఉన్నాయి, ప్యాకేజీలో లేవు.

ఆ భక్తుల్ని కూడా రచయితలుగా గుర్తు పెట్టుకున్నామా అంటే అదీ అనుమానమే. తిరుమలలో భోజనం చేసిన ప్రతివాళ్లకీ తరిగొండ వెంగమాంబ పేరు తెలుసు, అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు కాబట్టి. విస్తరి ముందు కూర్చున్నవాళ్లలో ఆమె కవయిత్రి అని ఎంతమందికి తెలుసు? వాయల్పాడు దగ్గరి తరిగొండలో పుట్టి, చిన్న వయసులోనే భర్త పోయి, ఊళ్లో నానా మాటలూ పడి, కొండ మీదికి చేరి కావ్యాలు, యక్షగానాలు రాసిన మనిషి ఆమె. 1817లో పోయింది. ఆమె సమాధి, అంటే బృందావనం, తిరుమలలోనే ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు తక్కువ, ఆమె పుస్తకం ఒకటి చదివి వెళ్లేవాళ్లు మరీ తక్కువ.

అన్నమయ్య సంగతి ఇంకా విచిత్రం. ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు శతాబ్దాల పాటు గుడిలోపలే, భాష్యకార్ల (రామానుజుల) సన్నిధి పక్కనున్న చిన్న అరలో పడి ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు ఆ రేకుల ముందు కూర్చుని పరిష్కరించబట్టి మనకు ఆ పాటలు దక్కాయి. తెలుగు సాహిత్యంలో ఇంతకంటే పెద్ద సంఘటన ఎన్నిసార్లు జరిగి ఉంటుంది? విమాన ప్రదక్షిణ దారిలో జనం ఆ అర ముందు నుంచే వెళ్తారు, చూపు మాత్రం హుండీ మీద ఉంటుంది. రాజంపేట దగ్గర తాళ్లపాకలో 108 అడుగుల విగ్రహం పెట్టాం కదా అంటారు. పెట్టాం. కడప రోడ్డు మీద కారు ఆపి సెల్ఫీ దిగడానికి బాగుంటుంది. ఆ పాటల సంపుటాలు టీటీడీ ఈ-బుక్స్‌గా ఉచితంగానే ఇస్తోంది. ఒకటి ఫోన్‌లోకి దించుకుని, రాజంపేట చేరేలోపు పది పాటలు చదివి ఆ ఊళ్లో దిగితే, అప్పుడు అది అన్నమయ్య ఊరు అవుతుంది.

శ్రీకాళహస్తిలో అయితే నవ్వొస్తుంది. రాజుల్ మత్తులు, వారి సేవ నరకప్రాయంబు అని కాళహస్తీశ్వర శతకంలో ధూర్జటి మొహం మీద కొట్టినట్టు చెప్పింది ఈ దేవుడితోనే. ఇప్పుడు అదే గుళ్లో రాహుకేతు పూజకు ఏ రేటు టికెట్ తీసుకోవాలా అని లెక్కలు వేసుకుంటూ నిలబడతాం. ఎమ్మెల్యే లెటర్ ఉంటే లైను వేరు. ఆ శతకం జేబులో పెట్టుకుని ఆ క్యూలో నిలబడిన పాఠకుడికి కలిగే ఆనందం ఏ గైడూ కలిగించలేడు. ఖర్చు కూడా ఏమీ లేదు.

ఇక భక్తులు కాని రచయితల దగ్గరికి వద్దాం. నా అసలు ఫిర్యాదు ఇక్కడే. మధురాంతకం రాజారాం ఈ జిల్లా పల్లెల్ని కథల్లోకి ఎక్కించిన బడిపంతులు. పుట్టింది మొగరాల, బతుకంతా దామలచెరువు. 1993లో ఆయన కథలకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. దామలచెరువు పేరు చెబితే ఈ చుట్టుపక్కల ఎవరైనా మామిడికాయల మండీ అంటారు, రాజారాం ఊరు అనరు. చిత్తూరు జిల్లా తలుపులపల్లెలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డిది ఇంకో రకం కష్టం. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన ఒక రాత్రంతా అడవిలో తిరగడమే ఆయన ఒక నవల. దానికి బోర్డు ఎక్కడ పాతుతారు? ఏ బోడిగుట్ట కింద? ఇక్కడి పల్లెల యాసలోనే రాసిన నామిని కథలు ప్రాణంగా చదివినవాళ్లకు అసలు ఊరు చూపించాల్సిన పని కూడా లేదు. తిరుపతిలో పల్లెవెలుగు బస్సెక్కి, ఫోన్ పక్కనపెట్టి, వెనక సీటు ఆడవాళ్ల మాటలు వింటూ కూర్చుంటే ఆ పుస్తకం మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలవుతుంది.

ఇలాంటి ప్రయాణం వేసుకునేవాళ్లు ముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది. రచయిత ఊరికా, పుస్తకం ఊరికా? రెండూ ఒకటి కావు. కట్టమంచి రామలింగారెడ్డి రాసిన ముసలమ్మ మరణం చదివి ఎవరైనా చిత్తూరు వస్తే, కట్టమంచిలో చెరువు కనిపిస్తుంది. ముసలమ్మ ప్రాణం ఇచ్చిన చెరువు అదేనేమో అనిపిస్తుంది కూడా. కాదు. ఆ కథ జరిగింది అనంతపురం పక్కన బుక్కరాయసముద్రంలో. కట్టమంచిలో చూడాల్సింది వేరే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయిన మనిషి, పాత కావ్యాల్ని పండితులు ఉలిక్కిపడేలా కొత్త తూకంతో తూచిన విమర్శకుడు, ఏ ఊరి నుంచి బయల్దేరాడో చూడాలి.

నన్నడిగితే అసలు దారి రైలు దారి. పాకాల నుంచి ధర్మవరం వెళ్లే లైను ఒకసారి చూడండి. పాకాల దాటగానే దామలచెరువు, అంటే రాజారాం. తర్వాత పీలేరు. ఆ పైన వాయల్పాడు, అంటే వెంగమాంబ. ఆ తర్వాత మదనపల్లె రోడ్. 1919 ఫిబ్రవరిలో టాగూరు మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉండి జనగణమనను ఇంగ్లిషులోకి మార్చింది అక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ స్వరం కుదిర్చిందీ అక్కడే. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిందీ ఆ ఊళ్లోనే, 1895లో. ఒక్క లైను మీద ఇంత సాహిత్యం ఉన్న రైలు దారి తెలుగునాట ఇంకోటి ఉందేమో నాకైతే తోచడం లేదు. చిక్కల్లా రైళ్లు తక్కువ, పైగా మదనపల్లె రోడ్ స్టేషన్ ఊరికి చాలా దూరం. కాలేజీ కూడా నడుస్తున్న కాలేజీ, ముందు అడిగి వెళ్లాలి. అక్కడికి దగ్గర్లో కృష్ణమూర్తి పెట్టిన రిషివ్యాలీ బడి కూడా పిల్లలు చదువుకునే చోటు, పిక్నిక్ స్పాట్ కాదు. మే నెల ఎండల్లో మాత్రం వెళ్లకండి. జూన్‌లో అయితే దామలచెరువు మండీల్లో కాయలు రాశులు పోసి ఉంటాయి, కథల్లోని రైతు ఏ ధరకు లొంగిపోతాడో కళ్లారా చూడొచ్చు.

ప్రభుత్వం ఏదో చెయ్యాలి అనగానే మనవాళ్లకు విగ్రహం గుర్తొస్తుంది. పక్క రాష్ట్రాలు ఇంకోలా చేశాయి. మలయాళ రచయిత ఓ.వి. విజయన్ నవలకు పుట్టిల్లయిన పాలక్కాడ్ దగ్గరి తస్రాక్‌ను కేరళ స్మారకంగా నిలబెట్టింది. కర్ణాటకలో కుప్పళిలో కన్నడ కవి కువెంపు పెరిగిన ఇంటిని మ్యూజియం చేశారు. అసలు భూమ్మీదే లేని, ఆర్.కె. నారాయణ్ కథల్లోని మాల్గుడికి, టీవీ సీరియల్ షూటింగ్ జరిగిన అరసాళు స్టేషన్‌లో మ్యూజియం పెట్టారంటే ఏమనాలి? లేని ఊరికి వాళ్లు స్టేషన్ సంపాదించి పెట్టారు. ఉన్న ఊళ్లకు మనం బోర్డు పెట్టలేదు. అలాగని రచయిత ఇంటి గుమ్మం ముందు టూరిస్టు బస్సులు ఆపమనడం లేదు. ఆ ఇళ్లలో మనుషులు కాపురాలు చేసుకుంటున్నారు, పల్లెలేమీ ఎగ్జిబిషన్లు కావు.

దామలచెరువు స్టేషన్‌లో రాజారాం కథ ఒకటి పూర్తిగా, పెద్ద అక్షరాల్లో అచ్చేసి ప్లాట్‌ఫాం గోడకు అద్దం కింద పెట్టొచ్చు. కుటుంబాన్ని అడిగితే కాదంటారని అనుకోను. తిరుపతి బస్టాండులో వాటర్ బాటిళ్ల కొట్ల మధ్య ఈ జిల్లా రచయితల పుస్తకాలకు ఒక్క స్టాల్ ఇవ్వొచ్చు. రెండూ కలిపినా, ఒక కూడలిలో విగ్రహానికీ దాని ఆవిష్కరణ సభకూ అయ్యేంత కాదు.